ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మారితే కుదుపు. పాత ఆటోమేటిక్ పికప్‌కి గేర్‌బాక్స్ విప్పించాలా?

సంత_బండి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, జోడుగుళ్లపాలెం. అనంతగిరి, అరకు వైపు సంతల్లో అల్లం, రాజ్‌మా, మిరియాలు కొని ఊళ్లో కిరాణా కొట్లకి, రెండు మూడు హోటళ్లకి వేస్తాం. బేరాలు, లెక్కలు నేను చూసుకుంటాను. బండి నాన్న చూసుకుంటారు. ఆయన పోర్టు దగ్గర ముప్పై ఏళ్లు ట్రైలర్ నడిపారు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేకపోయారు, అలాగని ఇంట్లోనూ కూర్చోలేకపోయారు. అందుకే 2022లో వెతికి వెతికి ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ పికప్ కొన్నాం. 2019 మోడల్, డబుల్ క్యాబ్, డీజిల్, ఆరు గేర్లు. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, బండి మీద నాకు ఫిర్యాదు లేదు. ఇన్నాళ్లూ మా ఇంటిని మోసిన బండి అది.

మూడు నెలలుగా గేర్లు సాఫీగా పడటం లేదు. ఏది ఎప్పుడు వస్తోందో విడివిడిగా రాస్తాను. షెడ్డులో చెబుతుంటే సగం వినకుండానే "బాక్సు పోయిందమ్మా" అంటున్నారు.

పొద్దున్నే స్టార్ట్ చేసి రివర్స్ వేస్తే ఒకటి రెండు సెకన్లు బండి కదలదు. తర్వాత ఒక్కసారిగా ధన్ మని పడుతుంది. డ్రైవ్‌లో వేసినా అంతే. కాస్త నడిచాక ఇది తగ్గిపోతుంది.

బండి వేడెక్కాక, ముఖ్యంగా లోడుతో ఉన్నప్పుడు, రెండు నుంచి మూడుకి మారే చోట ఇంజిన్ క్షణం సేపు ఊరికే అరుస్తుంది. ఆర్‌పీఎం ముల్లు మూడు నాలుగు వందలు పైకి లేస్తుంది. ఆ వెంటనే వెనక నుంచి ఎవరో గట్టిగా తోసినట్టు కుదుపు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక ఇది ఎక్కువ.

చదును రోడ్డు మీద 60, 70 స్పీడులో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు బండంతా సన్నగా వణుకుతుంది. టోల్ గేటుకి ముందు రోడ్డు మీద అడ్డంగా దళసరి గీతలు వేస్తారే, వాటి మీద పోయినట్టు ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు ఉండి పోతుంది.

ఇంకొకటి, బండి ఆగబోయే ముందు, ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు ఖట్ మని ఒక దెబ్బ వినిపిస్తుంది. నాన్న మాత్రం "ఇది గేర్‌బాక్సు శబ్దం కాదే, వెనకాలది" అంటారు.

చెక్ లైట్ ఏదీ వెలగలేదు. ఐదు నెలల కింద ఒక షెడ్డులో గేర్ ఆయిల్ మార్పించాం. బిల్లులో "ఆయిల్ 4 లీటర్లు" అని తప్ప ఏ రకమో రాయలేదు. వానాకాలంలో ఒకసారి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లలోంచి రావాల్సి వచ్చింది, తలుపు కింది అంచు దాకా తడిసింది.

ఒక చోట గేర్‌బాక్స్ ఓవర్‌హాల్‌కి 1,85,000 అన్నారు. ఇంకో చోట పాత బాక్సు తెచ్చి వేస్తాం, 90,000 అవుతుంది, గ్యారంటీ ఉండదు అన్నారు. రెండు చోట్లా బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టలేదు, కిందికి వంగి చూడలేదు.

నాకు డబ్బు గురించి టెన్షన్ ఉంది, నిజమే. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. పోయిన నెల టైడా దాటాక ఒక మెలిక మలుపులో, లోడుతో ఎక్కుతుంటే, ఇంజిన్ అరిచి బండి అర సెకను పట్టు వదిలేసినట్టయింది. వెనక బస్సు ఉంది. నాన్న బండి పక్కకి తీసి ఆపి, పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి తాళం ముట్టుకోలేదు. మూడు వారాలయింది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ముందు ఏం చూడాలి? ఏ వరసలో చూడాలి?

మధురవాడ_డీజిల్

అక్కా, నాదీ ఆటోమేటిక్ డీజిలే, కాకపోతే ఎస్‌యూవీ. ఆటోమేటిక్‌లో గేర్ల కంప్యూటర్ మనం నడిపే తీరు నేర్చుకుంటూ ఉంటుంది. ఆ నేర్చుకున్నది తప్పితే కుదుపులు వస్తాయి. స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయిస్తే నాకు చాలా వరకు పోయింది. అది కాకపోతే మెషిన్ పెట్టి ఆయిల్ మొత్తం ఫ్లష్ చేయించండి, లోపలి మురికంతా బయటికి పోతుంది. 1,85,000 మాత్రం తొందరపడి ఇవ్వకండి.

ఆటోనగర్_మేస్త్రి

అమ్మా, నేను గాజువాక ఆటోనగర్ వైపు పాతికేళ్లుగా బాక్సులు విప్పి బిగిస్తున్నాను. విప్పడం నా కూడు. అయినా చెబుతున్నాను, మీరు రాసినది చదివితే ఈ బాక్సు ఇప్పుడే విప్పాల్సినది అనిపించడం లేదు. కుదుపు ఎప్పుడు వస్తుందో, చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా, ఏ గేరు దగ్గర, కాలు ఎంత తొక్కినప్పుడు, అన్నీ విడదీసి రాశారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పది మందిలో ఒకరు కూడా ఇలా చెప్పరు. సగం పని మీరే చేశారు.

ఆటోమేటిక్‌లో గేరు మారడమంటే ఒక క్లచ్ వదలడం, ఇంకో క్లచ్ పట్టుకోవడం. నీళ్ల బిందె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందించినట్టు. ఇచ్చేవాళ్లు ముందే వదిలేసి, అందుకునేవాళ్లు ఆలస్యమైతే బిందె జారుతుంది. మీ ఇంజిన్ అరవడం అదే. జారిన బిందెని ఒడిసి పట్టుకున్నప్పుడు ఒక్క ఊపు వస్తుంది కదా, మీ కుదుపు అది. ఈ చేతులన్నిటికీ బలం ఆయిల్ ప్రెషర్. ఆ ప్రెషర్ ఎంత ఇవ్వాలో కంప్యూటర్ సోలెనాయిడ్‌లకి, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వ్‌లకి, కరెంటు పంపి చెబుతుంది. అందుకని బాక్సు విప్పే ముందు చూడాల్సినవి రెండు. ఆయిల్, కరెంటు.

ముందు ఆయిల్. ఐదు నెలల కింద మార్చారు, ఆ తర్వాత రెండు నెలలకి ఇబ్బంది మొదలైంది. నా మొదటి అనుమానం అక్కడే. మీ బాక్సుకి బానెట్ కింద డిప్‌స్టిక్ ఉండకపోవచ్చు. లెవెల్ చూసే నట్టు కింద ఉంటుంది. ఆ నట్టు విప్పితే ఎక్కువైన ఆయిల్ కారిపోయి, సరైన మట్టం దగ్గర ఆగుతుంది. అయితే దీనికి రెండు షరతులు ఉన్నాయి. ఇంజిన్ నడుస్తూ ఉండాలి. ఆయిల్ వేడి మాన్యువల్‌లో రాసిన అంకె దగ్గర ఉండాలి. చాలా బాక్సులకి అది 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది, మీకు మీ మాన్యువల్ చెప్పిందే లెక్క.

షెడ్డులో జరిగేది ఏమిటంటే, ఇంజిన్ ఆపేసి నట్టు విప్పుతారు. ఇంజిన్ ఆపితే కన్వర్టర్‌లోది (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం అది), పైపుల్లోది కొంత ఆయిల్ కిందికి దిగుతుంది. మట్టం ఎక్కువగా కనిపిస్తుంది, ధారగా కారుతుంది, "నిండా ఉంది" అని బిగించేస్తారు. లేదంటే బండి తిరిగి వచ్చిన వెంటనే వేడి మీద చూస్తారు. వేడి ఆయిల్ ఉబ్బి ఉంటుంది. చల్లారాక తక్కువ తేలుతుంది. ఏది జరిగినా బాక్సు ఒక లీటరు ఆకలితో తిరుగుతూ ఉంటుంది. పొద్దున్నే రివర్స్ ఆలస్యంగా పడటానికి, ఘాట్ మీద ఆయిల్ వెనక్కి ఒరిగి పంపు గాలి పీల్చి పట్టు వదలడానికి, రెండిటికీ ఇది సరిపోతుంది. మన విశాఖలో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో ఆగిన బండి ఆయిలే 40 దగ్గర ఉంటుంది. ఇంజిన్ వేసిన కాసేపటికే అంకె దాటిపోతుంది. ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. ముందు రోజు రాత్రే బండి షెడ్డులో పెట్టేయండి.

లెవెల్ చూసేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి, పార్క్ నుంచి అన్ని గేర్లూ ఒక్కోటి మూడు నాలుగు సెకన్లు ఉంచి తిప్పి, మళ్లీ పార్క్‌లోకి రావాలి. ర్యాంపు మీదో గొయ్యి మీదో బండి సమంగా ఉండాలి. జాకీ మీద నిలబెట్టి కిందికి దూరొద్దు, ఎవరినీ దూరనివ్వొద్దు.

ఆయిల్ మార్చాలంటే ముందు పైన పోసే నట్టు వదులు చేసి చూసుకోమనండి. అది రాకుండా మొండికేస్తే, కిందది విప్పి ఖాళీ చేశాక బండి అక్కడే ఉండిపోతుంది. ఇలా ఇరుక్కున్నవాళ్లని నేను చూశాను.

తీసిన ఆయిల్ నాలుగు చుక్కలు తెల్ల టిష్యూ మీద వేయండి. ఎరుపుగా ఉంటే మంచిదే. గోధుమ రంగుకి తిరిగితే వయసు అయింది. నల్లగా ఉండి మాడు వాసన వస్తే, క్లచ్ ప్లేట్లు అరిగి అందులో కలుస్తున్నాయి. రోజ్ మిల్క్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వాన నీళ్లలోంచి వచ్చిందన్నారు కాబట్టి ఇది తప్పక చూడండి. గాలి గొట్టం అంటే బ్రీదర్ లోంచి నీళ్లు లాగొచ్చు. కొన్ని బళ్లలో రేడియేటర్ లోపలే ఆయిల్ చల్లబరిచే గది ఉంటుంది, అది చిల్లుపడినా ఇదే రంగు వస్తుంది. రోజ్ మిల్క్ అయితే బండి ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకండి.

60, 70లో వణుకు కన్వర్టర్ లాకప్ క్లచ్‌ది, అంటే బండి నిలకడగా పోయేటప్పుడు ఇంజిన్‌నీ బాక్సునీ నేరుగా కలిపి పట్టే క్లచ్‌ది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు మొదలవగానే బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి. లాకప్ వదిలేస్తుంది. ఆ క్షణమే వణుకు ఆగిపోతే సందేహం లేదు. మీ నాన్నగారి చేత చేయించకండి, రెండు కాళ్ల పని అది. ఈ వణుక్కి చాలాసార్లు కారణం ఆ బాక్సుకి సరిపడని ఆయిల్. "అన్ని బళ్లకీ పనికొస్తుంది" అని అమ్మేది కాదు, మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాశారో అదే, డబ్బా మీద అక్షరం అక్షరం సరిచూసి కొనండి.

మధురవాడ తమ్ముడు మెషిన్ ఫ్లష్ అన్నాడు. చరిత్ర తెలియని పాత బాక్సుకి ఒత్తిడితో ఫ్లష్ నేను చేయను. అడుగున కూర్చున్న మురికి లేచి వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్‌ని క్లచ్‌లకి పంచే భాగంలో, సన్నటి దారుల్లో ఇరుక్కుంటే లేని రోగం వస్తుంది. కింద నట్టు విప్పితే ఉన్నదంతా రాదు, కొంత కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే మామూలుగా దింపి నింపడం, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగడం, మళ్లీ దింపి నింపడం. ఇలా మూడుసార్లు. ఖర్చు కాస్త ఎక్కువే, బాక్సుకి హాయి. అడాప్టేషన్ రీసెట్ మంచి మాటే, కానీ చివర్లో. ఆయిల్ తక్కువగా ఉండగా రీసెట్ చేస్తే కంప్యూటర్ మళ్లీ తప్పే నేర్చుకుంటుంది.

ఇక కరెంటు. మీది జోడుగుళ్లపాలెం అన్నారు. సముద్రం ఒడ్డున మూడేళ్లకే కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేస్తాయి. బండి కింద ఎర్త్ పట్టీని మాత్రం వదులుతుందా? ఇంజిన్, గేర్‌బాక్సుల నుంచి ఛాసిస్‌కి అల్లిన రాగి పట్టీ ఒకటి వస్తుంది. అది పచ్చగా చిలుము పట్టి ఉంటే సోలెనాయిడ్‌లకి వెళ్లిన కరెంటు సరిగ్గా తిరిగి రాదు. మల్టీమీటర్ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు గేర్‌బాక్స్ ఒంటికి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి ఆనించండి. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టుకి దగ్గరగా వస్తే అది ముందు బాగుచేయండి. రాత్రి పూట, వానలో కుదుపు ఎక్కువగా ఉంటోందా? గుర్తు చేసుకుని చెప్పండి.

స్కానర్ పెట్టించండి. లైటు వెలగకపోయినా లోపల లోపం చెప్పే కోడ్ ఉండొచ్చు. పీ0700 ఒక్కటే వస్తే దానికి అర్థం లేదు, "లోపల ఇంకొకటి ఉంది చూడు" అని మాత్రమే. పీ0730 గేరు జారుతోందని చెబుతుంది, పీ0741 లాకప్ పట్టడం లేదని. గేర్ ఆయిల్ వేడి కూడా అందులోనే కనిపిస్తుంది. నడుస్తున్నప్పుడు 80, 95 మధ్య మామూలు. 120 దాటితే ఆయిల్ త్వరగా చచ్చిపోతుంది.

ఆ ఖట్ శబ్దం గురించి నాన్నగారు చెప్పిందే నాకూ నిజమనిపిస్తోంది. ముప్పై ఏళ్లు ట్రైలర్ నడిపిన చెవి అది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్లే ఆ షాఫ్ట్ కీళ్లు, చేత్తో తిప్పి చూడమనండి, గ్రీజు కొట్టమనండి.

ఘాట్_రోజూ

మేడమ్, నేను వైజాగ్ నుంచి అరకు టూరిస్టులని తీసుకెళ్తాను, వారానికి నాలుగు ట్రిప్పులు. మేస్త్రి గారు చెప్పినవన్నీ అయ్యాక ఒక్క మాట. ఘాట్ ఎక్కేటప్పుడు లోడుతో డ్రైవ్‌లో వదిలేయకండి. బాక్సు మూడా నాలుగా అని ఊగిసలాడుతూ ఉంటుంది, మారినప్పుడల్లా వేడి. గేరు లివర్‌ని మాన్యువల్ వైపు తోసి మెలికల్లో రెండు, మధ్యలో మూడు అని మీరే పట్టి ఉంచండి. దిగేటప్పుడూ అంతే, బ్రేకులు కాలవు. అనంతగిరి దగ్గర ఆగితే వెంటనే ఇంజిన్ ఆపకండి, రెండు నిమిషాలు పార్క్‌లో తిరగనివ్వండి. నాన్నగారిని మళ్లీ కూర్చోబెట్టండి, అలవాటు పోకూడదు.

సంత_బండి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మేస్త్రి గారూ, మీరు రాసినది నాన్నకి చదివి వినిపించాను. నీళ్ల బిందె దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. చివర్లో మీరు ఆయన చెవి గురించి రాసింది విని లేచి వెళ్లి తాళం తీసుకున్నారు. నడపడానికి కాదు, బానెట్ తీయడానికి.

మీ ప్రశ్నకి జవాబు: అవును, రాత్రిపూట కుదుపు ఎక్కువే ఉంటోంది. వానలో ఇంకా ఎక్కువ. అది చీకటి వల్ల మాకు అలా అనిపిస్తోంది అనుకున్నాం.

ముందు ఎర్త్ చూశాం, అది ఇంట్లోనే చేయగలిగిన పని కాబట్టి. తమ్ముడి దగ్గర మల్టీమీటర్ ఉంది. అన్నీ వేసి చూస్తే 0.58 వోల్టులు. పట్టీ చూస్తే ఒక కొన దగ్గర అల్లిక సగం తెగిపోయి ఉంది, మిగతాది ఆకుపచ్చ పొడి. ముట్టుకుంటే చేతికి అంటింది. కొత్త పట్టీ వేసి, ఛాసిస్ మీద అది కూర్చునే చోట రంగు, తుప్పు గీకి, బిగించి పైన గ్రీజు రాశాం. మళ్లీ చూస్తే 0.04. ఆ సాయంత్రమే నేను హనుమంతవాక దాకా వెళ్లొచ్చాను. రాత్రికీ పగటికీ తేడా పోయింది. కుదుపు మాత్రం ఉంది.

తర్వాత తెలిసినవాళ్ల ద్వారా ర్యాంపు ఉన్న షెడ్డు ఒకటి దొరికింది. రాత్రే బండి పెట్టి, పొద్దున్న ఐదున్నరకి నేనూ నాన్నా వెళ్లాం. స్కానర్‌లో రెండు కోడ్‌లు దాగి ఉన్నాయి. ఒకటి మీరన్న పీ0741. ఇంకొకటి పీ0562, సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని. రెండోది ఎర్త్ వల్లే అయి ఉంటుందని అక్కడి అబ్బాయి అన్నాడు. పీ0730 లేదు. ఆ మాట వినగానే నాకు ఊపిరి వచ్చింది.

ఆయిల్ 38 డిగ్రీలు ఉండగా, ఇంజిన్ నడుస్తుండగా లెవెల్ నట్టు విప్పాం. ఒక్క చుక్క రాలేదు. మేం తీసుకెళ్లిన కొత్త ఆయిల్ పైనుంచి కొలిచి పోస్తూ వెళ్తే, 1.1 లీటరు పోశాక సన్నటి ధార మొదలైంది. అంటే ఐదు నెలలుగా బండి అంత తక్కువతో ఘాట్ ఎక్కుతూ దిగుతూ ఉందన్నమాట. అది చూస్తూ నిలబడ్డప్పుడు నాకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది.

పొయ్యడం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. రేడియేటర్ ముందు నుంచి వచ్చే ఆయిల్ పైపు రబ్బరు గొట్టం దగ్గర చెమ్మగా ఉంది. క్లిప్పు తుప్పు పట్టి వదులైంది. నేల మీద మరక పడేంత కారదు, దుమ్ము పట్టి నల్లగా అంటుకుపోయింది, అంతే. గొట్టం, క్లిప్పులు మార్చాం.

ఆ తర్వాత మొత్తం దింపాం. నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ వచ్చింది. టిష్యూ మీద గోధుమ రంగు. మాడు వాసన లేదు, రోజ్ మిల్క్ కాదు. నట్టుకి ఉన్న అయస్కాంతం మీద సన్నటి బూడిద ముద్ద ఉంది, ముక్కలేమీ లేవు. మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషన్ డబ్బా మీద చూసి మరీ పోశాం. పాత షెడ్డు వాళ్లని ఫోన్‌లో అడిగితే ఏం పోశారో గుర్తులేదన్నారు. గొడవ పెట్టుకోలేదు.

క్రాసుల్లో వెనకది చేత్తో పట్టుకుని తిప్పితేనే ఆడుతోంది. నాన్న కింద నిలబడి చూసి "చెప్పానా" అన్నారు, అంతే. అది మార్చి గ్రీజు కొట్టారు. ఖట్ శబ్దం అక్కడితో పోయింది.

మొదటిసారి ఆయిల్ మార్చాక పొద్దున్న రివర్స్ వెంటనే పడుతోంది. రెండు నుంచి మూడుకి ముల్లు లేవడం లేదు. వణుకు సగానికి తగ్గింది. 260 కిలోమీటర్లు తిరిగాక రెండోసారి మార్చాం, అప్పుడు అడాప్టేషన్ రీసెట్ చేయించాం. మధురవాడ తమ్ముడూ, మీ సలహా కూడా పనికొచ్చింది. రీసెట్ చేసిన మొదటి రోజు గేర్లు కొంచెం మొరటుగా పడ్డాయి, భయపడ్డాను. రెండో రోజు నుంచి సర్దుకుంది. ఇప్పుడు వణుకు ఎప్పుడో ఒకసారి, 65 దగ్గర, ఒక్క సెకను వస్తుంది. బ్రేకు తాకి చూశాను, ఆ క్షణమే ఆగింది.

ఖర్చు కూడా రాస్తాను, నాలాంటివాళ్లకి ఉపయోగపడుతుంది. ఇప్పటిదాకా ఆయిల్, వాషర్లకి 8,300. ఎర్త్ పట్టీ 650. గొట్టం, క్లిప్పులు 1,400. క్రాసు, కూలీతో 3,200. ర్యాంపు, స్కానర్, మిగతా కూలీ 3,000. మొత్తం 16,550. మూడోసారి ఆయిల్ ఇంకా ఉంది. ఆ మిగిలిన వణుక్కి ఏమైనా చేయాలా మేస్త్రి గారూ? లోడు ఎక్కించవచ్చా?

ఆటోనగర్_మేస్త్రి

అమ్మా, చదివి చాలా సంతోషం వేసింది. మాడు వాసన లేకపోవడం, అయస్కాంతం మీద బూడిద మాత్రమే ఉండటం, ఈ రెండూ మీ అదృష్టం. సన్నటి బూడిద ప్రతి బాక్సులో ఉంటుంది. చేతికి గుచ్చుకునే ముక్కలు ఉంటేనే విప్పాలి. కాకపోతే లీటరు తక్కువతో ఇంకో వానాకాలం తిరిగి ఉంటే క్లచ్‌లు కాలిపోయేవి, అప్పుడు ఆ 1,85,000 నిజంగానే అయ్యేది.

మిగిలిన వణుక్కి మూడో ఆయిల్ వేశాక 1,000 కిలోమీటర్లు చూడండి. కన్వర్టర్‌లో పాత ఆయిల్ ఇంకా కొంత ఉంటుంది, రెండుసార్లకి పూర్తిగా పోదు. అప్పటికీ పోకపోతే కన్వర్టర్ లాకప్ పొర కొంత గాజులా నున్నబడి ఉండొచ్చు. అది ఇలాగే ఎప్పుడో ఒక సెకను వస్తుంటే కంగారు లేదు. రోజూ వస్తున్నా, పీ0741 మళ్లీ పడినా నాకు రాయండి. అప్పుడు కన్వర్టర్ గురించి మాట్లాడదాం.

లోడు ఎక్కించండి. మొదటి ట్రిప్పు సగం లోడుతో. స్కానర్ అద్దం ముందు పెట్టుకుని ఘాట్ మీద ఆయిల్ వేడి చూసుకుంటూ వెళ్లండి. 110 దాటితే ఆపండి, ఇంజిన్ ఆపకుండా పార్క్‌లో ఉంచండి. ఎర్త్ పట్టీ కొనలు ఆరు నెలలకోసారి విప్పి తుడిచి గ్రీజు రాయండి. సముద్రం పక్కన ఉంటున్నంత కాలం ఇది మీ బండికి పళ్లు తోముకోవడం లాంటిది. ర్యాంపు మీద వాళ్లు రేడియేటర్ ముందు భాగం, ఆయిల్ కూలర్ జాలీ చూశారా? పురుగులు, ఉప్పు పొడి పేరుకుని ఉంటాయి. మంచినీళ్లతో వెనక నుంచి ముందుకి మెల్లగా కడగండి, ఒత్తిడి నీళ్లు వద్దు, రెక్కలు వంగిపోతాయి.

సంత_బండి

జాలీ కడిగాం. వచ్చిన మట్టి చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. మూడో ఆయిల్ కూడా అయింది, ఇంకో 4,000 కలిసి మొత్తం 20,550.

నిన్న సంతకి వెళ్లాం. పొద్దున్న నాలుగున్నరకి నేను డ్రైవర్ సీటు తలుపు తీయబోతే నాన్న అప్పటికే అందులో కూర్చుని ఉన్నారు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా డ్రైవ్‌లోనే. గేరు ఎప్పుడు మారిందో నేను ముల్లు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. ఘాట్ మొదలయ్యాక ఘాట్_రోజూ గారు చెప్పినట్టు మాన్యువల్ వైపు తోశారు. రెండు, మూడు, మళ్లీ రెండు. లారీ నడిపిన రోజుల్లోలా చెయ్యి గేరు మీదే ఉంది. నేను పక్కన స్కానర్ అంకె పైకి చదువుతూ కూర్చున్నాను. టైడా దగ్గర 91. పోయినసారి బండి పట్టు వదిలిన ఆ మలుపు దగ్గర ఇద్దరం మాట్లాడలేదు. దాటేశాం. అనంతగిరి ఎక్కేసరికి 97, అంతకు మించలేదు. రెండు నిమిషాలు పార్క్‌లో ఉంచి ఆపాం.

వచ్చేటప్పుడు 280 కిలోల అల్లం, రాజ్‌మా వేసుకున్నాం. వణుకు ఒక్కసారి కూడా రాలేదు. వచ్చే వారం పూర్తి లోడు, 550 కిలోలు. ఆ అంకెలు కూడా ఇక్కడే రాస్తాను. నాన్న ఒక ప్రశ్న అడగమన్నారు మేస్త్రి గారూ. ముందు క్రాసు ఆడటం లేదు, కానీ వెనకది మార్చాం కాబట్టి దాన్నీ ఇప్పుడే మార్చాలా, గ్రీజుతో సరిపెట్టొచ్చా?

ఆటోనగర్_మేస్త్రి

గ్రీజు చాలు. ప్రతి 5,000 కిలోమీటర్లకి కొట్టించి, చేత్తో తిప్పి చూడమని చెప్పండి. ఆడటం మొదలైతే ఆయనకే ముందు వినిపిస్తుంది.